ఓఆర్ఎస్ పడిన బీపీ మిషన్: ఒక రిపేరు పూర్తి వివరం

వస్తువు: చేతికి కఫ్ చుట్టి చూసుకునే ఇంటి బీపీ మిషన్, నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడిచే రకం. కంప్లయింటు: నీళ్లు పడ్డాయి, ఆన్ కావట్లేదు. తెచ్చింది మా ఊరు, ఒడిశాలోని పర్లాకిమిడిలోనే ఉండే ఒక రిటైర్డ్ మాస్టారి భార్య. మాస్టారికి చాలా ఏళ్లుగా బీపీ ఉంది. రోజూ పొద్దునా సాయంత్రం చూసుకుని నోటుబుక్కులో రాసుకోవడం, నెలకోసారి ఆ పుస్తకం డాక్టరుగారికి చూపించడం వాళ్లింట్లో అలవాటు. ఆ అంకెలు చూసే డాక్టరుగారు మందు పెంచడమో తగ్గించడమో చేస్తారు.

ఈ కేసు ఇంత వివరంగా రాయడానికి కారణం ఆ నోటుబుక్కే. ఫోన్ తడిసి బాగుపడితే ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది. మాట వినపడుతుంది, ఛార్జి ఎక్కుతుంది, టచ్ పనిచేస్తుంది. లేదంటే లేదు. కొలిచే వస్తువు సంగతి వేరు. అది చక్కగా వెలుగుతుంది, పంపు తిరుగుతుంది, చివర్లో బీప్ కొడుతుంది, తప్పు అంకె చూపిస్తుంది. చూసేవాళ్లకి అనుమానం రావడానికి ఆధారమే ఉండదు. మన రిపేరు లైనులో చాలామంది బీపీ మిషన్‌నీ షుగర్ మిషన్‌నీ కూడా ఫోన్ లాగే వెలగగానే ఇచ్చేస్తున్నారు. అలా ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. ఎందుకో ఈ మిషన్ విషయంలో కళ్లారా కనిపించింది.

ముందుగా అడిగినవి

తడిసిన సామాను ఏది వచ్చినా స్క్రూడ్రైవరు పట్టుకునే ముందు మూడు సంగతులు అడుగుతాను. ఏం పడింది, పడినప్పుడు బ్యాటరీ లోపలే ఉందా, ఆ తరవాత ఏం చేశారు.

"నీళ్లే బాబూ. టేబుల్ మీద గ్లాసు తగిలి ఒలికిపోయింది" అన్నారు ఆవిడ.

"వెంటనే సెల్స్ తీశారా అమ్మా?"

"లేదు. గుడ్డతో తుడిచి, పనిచేస్తాదో లేదో అని ఆన్ చేసి చూశాం. ఓసారి వెలిగింది. నూట అరవై దాటి చూపించింది, మాస్టారు కంగారు పడిపోయారు. మళ్లీ చూద్దామంటే ఆరిపోయింది. మా అబ్బాయి ఫోన్లో బియ్యం డబ్బాలో పెట్టమంటే పెట్టాం."

సెల్స్ అప్పటికీ దాంట్లోనే ఉన్నాయి. ఒకటి ఉబ్బి, అడుగున తెల్లగా పొక్కింది.

ఒట్టి నీళ్లు బోర్డుని అంతగా పాడుచెయ్యవు. ఫ్యాక్టరీల్లో టంకం పని అయ్యాక బోర్డులని నీళ్లతో కడగడం మామూలే. పాడుచేసేది తడీ కరెంటూ ఒకే చోట చేరడం. సెల్స్ లోపలే ఉంటే, స్విచ్ నొక్కినా నొక్కకపోయినా, బోర్డు మీద పక్కపక్కనే ఉన్న కొన్ని రాగి గీతల మధ్య ఆరు వోల్టులు ఉంటూనే ఉంటాయి. వాటి మధ్య ఉప్పు కలిసిన తడి చేరితే ప్లస్ వైపు రాగి కరగడం మొదలవుతుంది. ఆకుపచ్చగా కనిపించే చిలుము అలా పుట్టేదే. సన్నని గీత అయితే పూర్తిగా తెగిపోతుంది కూడా. అందుకే ఏది తడిసినా మొదట చేయాల్సింది సెల్స్ ఊడదీయడం, తుడవడం ఆ తరవాతే. "పనిచేస్తుందో లేదో చూద్దాం" అని ఆన్ చేయడం అన్నిటికంటే చెడ్డ పని. మా ఊళ్లో తెలిసినవాళ్లందరికీ ఈ ఒక్క మాటే చెబుతుంటాను.

ఇక బియ్యం. మూసి ఉన్న ప్లాస్టిక్ పెట్టె లోపలి తడిని బయట ఉన్న బియ్యం లాగలేదు. కొంత లాగిందనుకున్నా పోయేది నీరు మాత్రమే, దాంట్లో కరిగి ఉన్నది బోర్డు మీదే ఎండి మిగిలిపోతుంది. పైగా తవుడు దుమ్ము సందుల్లోకి చేరుతుంది. యాపిల్ కంపెనీ 2024లో తన ఫోన్లు వాడేవాళ్లకి బియ్యంలో పెట్టొద్దని రాతపూర్వకంగానే చెప్పింది. బ్యాటరీ మూత తీసి ఫ్యాను కింద పెట్టినా అంతకంటే నయం.

చీమలు చెప్పిన సంగతి

ఆ సాయంత్రం సెల్స్ తీసేసి మిషన్‌ని ఒక ట్రేలో పెట్టి షాపు కట్టేశాను. పొద్దున్న తెరిచేసరికి బల్ల కాలు నుంచి ట్రే దాకా చీమల బారు. బ్యాటరీ గది సందులోంచి లోపలికి పోయి వస్తున్నాయి. ఒట్టి నీళ్లు ఎండిన చోటికి చీమలు ఎందుకొస్తాయి? ఆవిడకి ఫోన్ చేశాను.

"అమ్మా, ఆ గ్లాసులో పంచదార నీళ్లేమైనా ఉన్నాయా? మిషన్‌కి చీమలు పట్టాయి."

కాసేపు ఆలోచించి, "ఆ రోజు మా మనవడికి విరేచనాలు బాబూ. ఓఆర్ఎస్ కలిపి అక్కడే పెట్టాం. ఆ గ్లాసే అయ్యుంటాది" అన్నారు.

దాంతో కేసు మొత్తం మారిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరు నీళ్లలో కలిపే ఓఆర్ఎస్ ప్యాకెట్టులో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్ ఉంటాయి. మొత్తం 20.5 గ్రాములు. బిడ్డ ప్రాణం నిలబెట్టే ఆ లవణాలే బోర్డు మీద పడితే తడిలో కరెంటుని బాగా పారనిస్తాయి. గ్లూకోజ్ ఎండాక జిగురుగా పట్టుకుని ఆ ఉప్పుని కదలనివ్వదు.

ఇంకో సంగతి. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే తేమ పీల్చుకుని కరిగి నీరవుతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా చెమర్చడం అందరం చూసేదే. పర్లాకిమిడి కొండల పక్కన ఉంది, మహేంద్రతనయ నది ఊరి పక్కనుంచే పారుతుంది, సముద్రమూ మరీ దూరం కాదు. జూన్ నుంచి అక్టోబరు దాకా ఇక్కడ తేమ 75 పైన ఉండే రోజులే ఎక్కువ. అంటే లోపల ఉప్పు మిగిలిపోయిన మిషన్ ఎండాకాలంలో పనిచేసి, వాన పట్టగానే మళ్లీ తడిసినట్టే అవుతుంది. ఎవరూ నీళ్లు పోయక్కర్లేదు. "మొన్న బాగుచేశారు, మళ్లీ పోయింది" అని వానాకాలంలో తిరిగొచ్చే సామాను వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

విప్పాక

నాలుగు స్క్రూలు. ఒకటి సీరియల్ నంబరు స్టిక్కరు కింద దాక్కుని ఉంది. లోపల ఒకే బోర్డు. ఒక పక్క గాలి పంపు, గాలి వదిలే వాల్వు, వాటిని కలుపుతూ సిలికాన్ ట్యూబు. బోర్డు మధ్యలో ప్రెషర్ సెన్సర్, దాని ముక్కుకి ట్యూబు కొస. పై వైపు ఎల్‌సీడీ తెర, దానికీ బోర్డుకీ మధ్య గులాబీ రంగు రబ్బరు కనెక్టరు. బటన్ల కింద నల్లటి కార్బన్ రబ్బరు.

బ్యాటరీ స్ప్రింగులు రెండు చిలుముపట్టి విరిగేలా ఉన్నాయి. మైనస్ స్ప్రింగు నుంచి బోర్డుకి వెళ్లే గీత తెగింది. ఆన్ కాకపోవడానికి కారణం అదే. స్టార్ట్ బటన్ ప్యాడ్ల మధ్య తెల్లని పొర. దాని పైన లూప్‌తో (చిన్న భూతద్దంతో) చూస్తే చిన్న చిన్న పలుకులు మెరుస్తున్నాయి. అక్కడి నుంచి ఆ పొర సన్నగా సెన్సర్ వైపు పాకింది. సెన్సర్ ట్యూబు ఊడదీసి లోపల చూశాను. పొడిగా ఉంది. ఇది ముఖ్యం. సెన్సర్ రంధ్రంలోకి ఆ నీళ్లు పోయి ఉంటే నేను అక్కడితో ఆపి కొత్తది కొనుక్కోమని చెప్పేవాణ్ణి.

కడగడం

ఇక్కడ మన లైనులో అందరం చేసే ఒక పని గురించి చెప్పాలి. తడిసిన బోర్డు అనగానే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) పోసి బ్రష్‌తో రుద్దేస్తాం. ఐపీఏ నూనెనీ, టంకం పనిలో వాడే ఫ్లక్స్‌నీ బాగా వదిలిస్తుంది. కానీ ఉప్పు దాంట్లో దాదాపు కరగదు. గ్లూకోజూ అంతే. ఐపీఏతో ఎంత రుద్దినా ఉప్పు ఒక చోటు నుంచి ఇంకో చోటికి జరుగుతుంది తప్ప పోదు. ఉప్పుని తీసేది నీళ్లే. అందుకని ముందు డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి, ఆ నీటిని తరిమేయడానికి తరవాత ఐపీఏ వాడాలి. డిస్టిల్డ్ వాటర్ ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. అక్కడే యాసిడ్ డబ్బాలు కూడా ఉంటాయి కనక లేబుల్ చూసి తీసుకోవాలి. కుళాయి నీళ్లూ బోరు నీళ్లూ వద్దు, వాటిలోనూ లవణాలుంటాయి. కొందరు వాడే థిన్నరైతే అసలే వద్దు. ప్లాస్టిక్ కేసునీ బటన్ రబ్బరునీ తినేస్తుంది.

ఎల్‌సీడీ, రబ్బరు కనెక్టరు, పంపు, వాల్వు వేరు చేసి పక్కన పెట్టాను. సెన్సర్ మాత్రం బోర్డుకి టంకంతో అతికి ఉంది. దాని ముక్కుకి ఒక ట్యూబు ముక్క తొడిగి, ఆ కొస మడిచి కట్టేశాను, లోపలికి చుక్క పోకుండా. సెన్సర్ ఉన్నందువల్ల బోర్డుని నీళ్లలో ముంచి నానబెట్టే వీలు లేదు. అల్ట్రాసోనిక్ క్లీనరు అసలే కుదరదు, సెన్సర్ లోపల ఉండే సన్నని సిలికాన్ పొర ఆ అదురుకి నిలవదు. గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌లో మెత్తని బ్రష్ ముంచి ఒక్కో భాగం తుడుస్తూ, ప్రతిసారీ నీళ్లు మారుస్తూ పోయాను. జిగురు వదిలేదాకా అదే పని. ఆఖర్న ఐపీఏ.

ఆరబెట్టడానికి నా దగ్గర చెక్కపెట్టె ఉంది. దాంట్లో 40 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు. లోపల వేడి 50 డిగ్రీలు దాటకుండా మూత కొంచెం తెరిచి ఉంచుతాను. హెయిర్ డ్రయ్యర్‌తో తొందరపడితే నీరు ఆరే బదులు చిప్‌ల కిందకి పోతుంది.

స్ప్రింగులు మార్చాను. తెగిన గీతకి సన్నని వైరు వేశాను. బటన్ల కార్బన్ పొర బాగానే ఉంది. వాల్వు మాత్రం గ్లూకోజ్ జిగురుకి బిగుసుకుపోయి ఉంది. కడిగితే కదిలింది గానీ సాఫీగా లేదు, అందుకని అదీ మార్చాను. బీపీ మిషన్‌లో వాల్వు ఇరుక్కోవడం చిన్న సంగతి కాదు. ముసలాయన చేతిని బిగించి గాలి వదలకపోతే ఆయన పడే టెన్షన్ సంగతి అలా ఉంచి, చెయ్యి కూడా కమిలిపోతుంది.

వెలిగింది, కానీ

సెల్స్ బదులు షాపులోని బెంచి సప్లై నుంచి ఆరు వోల్టులు, కరెంటు ఒక హద్దు దాటకుండా లిమిట్ పెట్టి ఇచ్చాను. స్టాండ్‌బైలో మీటరు ముల్లు కదల్లేదు, షార్టు లేదన్నమాట. స్టార్ట్ నొక్కితే పంపు తిరిగింది, కఫ్ బిగిసింది, మెల్లగా దిగింది, బీప్ కొట్టింది. నా చేతికి చుట్టి చూస్తే మామూలుగా నాకు వచ్చే అంకెలకి దగ్గరగానే వచ్చాయి, కాస్త ఎక్కువ.

అదే సమయానికి మాస్టారి భార్య వచ్చారు. "ఏటి బాబూ, వెలిగింది కదా, ఇంకేటుంది? ఇచ్చేయ్" అన్నారు. మాస్టారు రెండు పూటలా రాసుకునేవారికి రాయడానికి ఏమీ లేక ఇంట్లో ఊరుకోవట్లేదట. ఆవిడ ఆత్రం నాకు అర్థమైంది. ఇంకా కొలత చూడాలని, ఈలోపు డాక్టరుగారి దగ్గర చూపించుకోమని చెప్పి పంపించాను.

కొలత సరిగా ఉందో లేదో చేతికి కట్టి తేల్చలేం. బీపీ నిమిష నిమిషానికీ మారుతుంది. మాట్లాడితే పెరుగుతుంది, కాలు మీద కాలు వేసుకున్నా పెరుగుతుంది. ఒకే మనిషికి వెంటవెంటనే చూసినా పది దాకా తేడా రావచ్చు. కాబట్టి "పక్కింటి మిషన్‌తో పోల్చి చూశాం, సరిపోయింది" అనేది పరీక్ష కాదు. చెయ్యి అనే మారిపోయే వస్తువుని మధ్యలోంచి తీసేసి, గాలి ఒత్తిడిని మాత్రమే పోల్చాలి.

దానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. డాక్టర్లు వాడే డయల్ ఉన్న చేతి బీపీ మిషన్ ఒకటి, చేపల తొట్టెల షాపులో దొరికే ప్లాస్టిక్ టీ జాయింటు ఒకటి చాలు. కఫ్‌ని ఒక గట్టి సీసాకి చుట్టాను. కఫ్ నుంచి వచ్చే ట్యూబుని టీతో రెండుగా చీల్చి ఒకటి మిషన్‌కి, ఒకటి డయల్‌కి ఇచ్చాను. ఇప్పుడు రెండిటికీ అందేది ఒకే గాలి, ఒకే ఒత్తిడి. నా డయల్ సరైనదేనా అన్నది ముందే తేల్చుకున్న సంగతి. మా వీధి డాక్టరుగారి దగ్గర పాత పాదరసం స్తంభం మిషన్ ఉంది. పాదరసం వాడకం తగ్గించాలని దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం వచ్చాక పాదరసం పరికరాలు ఆసుపత్రుల్లోంచి తగ్గిపోతున్నాయి గానీ, పోల్చుకోవడానికి అలాంటిది ఒకటి అందుబాటులో ఉండటం అదృష్టం.

ఈ మిషన్ గాలి దిగేటప్పుడు కొలిచే రకం. దిగుతున్నంతసేపూ తెర మీద ఒత్తిడి అంకె కనిపిస్తుంది. సీసాకి నాడి ఉండదు కనక చివర్లో ఎర్రర్ చూపిస్తుంది, దాంతో మనకి పనిలేదు. చిక్కల్లా డయల్ ముల్లు, తెర మీది అంకె రెండూ కదులుతూ ఉంటాయి, కళ్లతో ఒకేసారి చదవలేం. రెండూ ఫ్రేములో పడేలా ఫోన్‌తో వీడియో తీసి, తరవాత ఆపి ఆపి చూస్తాను. మోసానికి తావుండదు.

డయల్ 60 దగ్గర ఉన్నప్పుడు మిషన్ 64 చూపించింది. 100 దగ్గర 106. 140 దగ్గర 148. 180 దగ్గర 191.

ఇలాంటి ఇంటి మిషన్లకి కంపెనీలు మాన్యువల్‌లో రాసేది సాధారణంగా పాదరసం లెక్కలో 3 మిల్లీమీటర్లు అటూ ఇటూ. ఇక్కడ కింద నాలుగుతో మొదలై పైకి పోయేకొద్దీ తేడా పెరుగుతోంది. ఎక్కడ చూసినా దాదాపు ఆరు శాతం. నిజం 132 అయితే ఈ మిషన్ 140 చూపిస్తుంది. 140 అనేది బీపీ ఉన్నట్టు లెక్కేసే గీత. మందు వాడే మనిషి పుస్తకంలో రోజూ 140 కనిపిస్తే డోసు పెరుగుతుంది. అక్కర్లేని డోసు పెరిగిన ముసలాయన రాత్రి బాత్రూముకి లేచి కళ్లు తిరిగి పడితే దానికి కారణం ఈ బోర్డు మీది ఉప్పు అని ఎవరికీ తట్టదు.

ఆరు శాతం ఎక్కడిది

తేడా అన్ని చోట్లా ఒకే అంకె అయి ఉంటే, ఉదాహరణకి అంతటా ఐదే ఎక్కువ ఉంటే, సున్నా పక్కకి జరిగిందనుకోవచ్చు. ఈ మిషన్లు ఆన్ చేయగానే గాలి లేని స్థితిని సున్నాగా పెట్టుకుంటాయి కనక ఆ రకం తప్పు చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి. శాతంలో వచ్చే తప్పుని మిషన్ తెలుసుకోలేదు. శాతం తేడా అంటే గెయిన్ మారిందన్నమాట. సెన్సర్ ఇచ్చేది మిల్లీవోల్టులే. దాన్ని పెద్దది చేసే ఆంప్లిఫయరు ఎన్ని రెట్లు పెంచాలో ఒక రెసిస్టరు నిర్ణయిస్తుంది. ఆ రెసిస్టరు విలువ తగ్గితే గెయిన్ పెరుగుతుంది.

ఆ రెసిస్టరు సెన్సర్ పక్కనే ఉంది. పైన 2001 అని ముద్ర, అంటే 2 కిలో ఓములు. పవరు తీసేసి మీటరు పెడితే 1.89 చూపించింది. 2ని 1.89తో భాగిస్తే వచ్చేది 1.06కి దగ్గర. తెర మీద కనిపించిన ఆరు శాతం అదే.

బోర్డులో అతికి ఉన్న రెసిస్టరుని కొలిస్తే పక్క దారుల వల్ల కూడా విలువ తగ్గి కనపడవచ్చు. అందుకని ఒక పరీక్ష చేశాను. కూల్‌డ్రింకు స్ట్రా తీసుకుని, మీటరు ముళ్లు రెసిస్టరు మీద అలాగే ఉంచి, స్ట్రాలోంచి నోటి ఆవిరి మెల్లగా దాని మీదికి వదిలాను. 1.89 కాస్తా 1.87, 1.85, 1.84 అయింది. ఊదడం ఆపితే మళ్లీ మెల్లగా పైకి ఎక్కింది. అదే ఆవిరి బోర్డులో వేరే రెసిస్టర్ల మీద వదిలితే అంకె కదల్లేదు. బల్బు పెట్టెలో కాసేపు ఉంచి వేడిగా ఉండగానే కొలిస్తే 1.96 దాకా వచ్చింది. తేమతో మారేది రెసిస్టరు కాదు, దాని కింద ఉన్న పొర. లీకేజీ పట్టుకోవడానికి నాకు తెలిసిన పరీక్షల్లో ఇంత తేలికైనది ఇంకోటి లేదు. మైక్రోస్కోపు లేని షాపులో కూడా స్ట్రా ఉంటుంది.

హాట్ ఎయిర్‌తో ఆ రెసిస్టరునీ, పక్కనే ఉన్న కెపాసిటరునీ లేపాను. సెన్సర్‌కి వేడి తగలకుండా ముందే వేడిని తట్టుకునే కాప్టాన్ టేపు చుట్టాను. కింద ఉన్నది చూస్తే ఆశ్చర్యం వేసింది. రెండు ప్యాడ్ల మధ్య లేత గోధుమరంగులో గాజులా మెరిసే పొర, దాంట్లో ఇరుక్కున్న తెల్లని పలుకులు. ఈ చిన్న భాగాలకీ బోర్డుకీ మధ్య ఉండే సందు వెంట్రుక మందం. బ్రష్ అక్కడికి చేరదు, నీరు కూడా ఊరికే చేరదు. గ్లూకోజ్ పాకం అయి గట్టిపడితే ఇక బయట ఎంత కడిగినా నీరు దాని జోలికి పోదు. రెసిస్టరుని బయట కొలిస్తే 2.00. దాని తప్పేమీ లేదు.

వెచ్చని డిస్టిల్డ్ వాటర్ రెండు చుక్కలు వేసి కాసేపు ఉంచితే పొర మెత్తబడి వచ్చేసింది. మళ్లీ నీళ్లు, మళ్లీ ఐపీఏ. అదే వరసలో ఉన్న ఇంకో రెండు రెసిస్టర్లనీ లేపి చూశాను. ఒకదాని కింద కొంచెం ఉంది, రెండోది శుభ్రంగా ఉంది. అన్నీ తిరిగి అతికి, ఫ్లక్స్ తుడిచి, రాత్రంతా బల్బు పెట్టెలో ఉంచాను. మర్నాడు కొలిస్తే 2.00. స్ట్రాతో ఊదినా కదల్లేదు. అప్పుడే ఆ భాగం మీద తేమ తగలకుండా బోర్డులకి వేసే కోటింగు పల్చగా వేశాను, సెన్సర్ రంధ్రం, బటన్ ప్యాడ్లు, ఎల్‌సీడీ రబ్బరు కూర్చునే చోటు వదిలేసి. కోటింగు ముందే వేస్తే తడీ ఉప్పూ లోపలే బంధించినట్టవుతుంది. గోళ్ల రంగు పూసి అదే కోటింగు అనుకోవడం చూశాను, దానికి నేను ఒప్పుకోను.

సీసా, టీ జాయింటు, వీడియో మళ్లీ. 60కి 60, 100కి 101, 140కి 141, 180కి 181. ఇది పొడి వాతావరణంలో. మన వానాకాలం సంగతి చూడాలి కదా. మూతపెట్టే ప్లాస్టిక్ డబ్బాలో తడి గుడ్డ ఒకటి వేసి, దానికి తగలకుండా మిషన్‌ని పక్కన పెట్టి, రాత్రంతా మూసి ఉంచాను. పొద్దున్న తీయగానే కొలిస్తే ఒక అంకె కూడా తేడా రాలేదు. తడిసిన సామాను ఏదైనా ఈ తడి డబ్బా పరీక్ష అయ్యాకే నా షాపు దాటుతుంది.

అప్పగించినప్పుడు

మాస్టారే వచ్చారు, నోటుబుక్కు చంకలో పెట్టుకుని. వీడియో చూపించి ఏం జరిగిందో చెప్పాను. ఓఆర్ఎస్ పడిన రోజు రాసిన నూట అరవై చిల్లర అంకెని కొట్టేయమన్నాను. ఆయన కొట్టేయలేదు. పక్కన "మిషన్ తడిసింది" అని రాశారు. అదే మంచి పద్ధతి.

నేను హామీ ఇవ్వగలిగింది ఎంతవరకో కూడా చెప్పాను. మిషన్ గాలి ఒత్తిడిని సరిగా కొలుస్తోంది, అంతవరకు నేను చూశాను. ఆ ఒత్తిడిలోని నాడి కదలికల నుంచి పై అంకె, కింది అంకె లెక్కగట్టే ప్రోగ్రాము చిప్‌లో ఉంటుంది, దాన్ని నేను ముట్టుకోలేదు, పరీక్షించే సాధనమూ నా దగ్గర లేదు. కాబట్టి ఈసారి డాక్టరుగారి దగ్గరికి మిషన్‌నీ తీసుకెళ్లి, ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక ఆయన చూసిన అంకెతో పోల్చుకోమన్నాను. తేడా పెద్దగా వస్తే డబ్బు వాపసు ఇస్తానన్నాను. తరవాత ఆయన ఫోన్ చేసి డాక్టరుగారి అంకెకీ దీనికీ నాలుగే తేడా అని చెప్పారు. చేతి మీద చూసినప్పుడు అంత తేడా మామూలే.

డబ్బు సంగతి. కొత్త మిషన్ రెండు వేలు పెడితే వస్తుంది. పెట్టిన టైముకి లెక్కగడితే ఈ రిపేరు గిట్టుబాటు కాదు, తీసుకున్నది స్ప్రింగులకీ పనికీ కలిపి మూడు వందల యాభై. ఇంత పని ప్రతి మిషన్‌కీ చేయమని ఎవరికీ చెప్పను. కానీ డయల్, టీ జాయింటుతో చేసే పరీక్షకి పావుగంట చాలు. ఆ పావుగంట పెట్టలేనప్పుడు ఆ మిషన్ తీసుకోకూడదు. పరీక్షలో తప్పితే, సరిచేయడం కుదరకపోతే, కస్టమరుకి "ఇది వెలుగుతుంది కానీ కొలత తప్పు, వాడొద్దు" అని చెప్పి సెల్స్ తీసి ఇవ్వాలి. షుగర్ మిషన్లయితే నేను అసలు తీసుకోను. స్ట్రిప్పు పెట్టే చోట తడి తగిలితే కొలతని నమ్మదగినట్టు తేల్చే మార్గం మన షాపుల్లో లేదు.

వరద నీటిలో మునిగిన బీపీ మిషన్లనీ తీసుకోను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లాలో వాగులన్నీ పొంగాయి. ఆ తరవాత కొన్ని వారాలు బురదతో గట్టిపడిన ఫోన్లూ రేడియోలూ ఛార్జింగ్ లైట్లూ వస్తూనే ఉన్నాయి. రేడియో అయితే కడిగి ఇచ్చేయొచ్చు, స్టేషను వినపడితే చాలు. బీపీ మిషన్ అయితే బురద సెన్సర్ ముక్కులోకి పోయి ఉంటుంది, అక్కడ కడగడానికి వీలుండదు. అలాంటివి కస్టమరు ఒప్పుకుంటే ఉంచుకుని, పనికొచ్చే పంపులూ వాల్వులూ మాత్రం తీసి శుభ్రం చేసి డబ్బాలో వేసుకుంటాను. మాస్టారి మిషన్‌కి వేసిన వాల్వు ఆ డబ్బాలోదే.